నురుగు పలకల బండి

మోటారు బండ్లు రాక పూర్వము తెలుగు పల్లెలలో దూరప్రయాణము చేయువారికి గూడుబండియే ఆధారము. బండిపై వెదురుబద్దలను విల్లువలె వంచి, వానిమీద చాపలు కప్పి గూడు కట్టెడివారు. లోపల గడ్డి పఱచి దుప్పటి వేసినచో అదియే పగటివేళ కూర్చుండు చోటు, రాత్రివేళ పడక. ఆ గూడు మిక్కిలి బరువైనచో ఎద్దులు అలసిపోవును. మిక్కిలి బలహీనమైనచో గాలివానకు నిలువదు. తేలికదనమును బలమును ఒక్కచోట కూర్చుటయే దానిని కట్టినవారి నేర్పు.

ఎద్దులకు బదులు కారు వచ్చినను ఆ చిక్కు తీరలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములు విశాలమైన దేశము. అడవులలోను, కొండలలోను, సరస్సుల తీరములందును విడిది చేసి కొలది దినములు గడపుట అచటి అనేక కుటుంబములకు ప్రీతి. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ మొదలుకొని ఆ దేశమున పెక్కు జాతీయోద్యానవనములు కలవు. గుడారములో నేలపై పండుకొనుట కొందరికి కష్టము. పెద్ద విడిదిబండిని కొనుట కొందరి శక్తికి మించినది. అందుచే 1930 తరువాత కారు వెనుక తగిలించి లాగుకొనిపోదగిన చిన్న పడకబండ్లు అచట వ్యాప్తిలోనికి వచ్చెను. ముందుభాగము గుండ్రముగాను, వెనుకభాగము క్రమముగా వాలుచును ఉండుటచే వానికి కన్నీటిబొట్టు బండ్లని పేరు కలిగెను. లోపల ఇద్దరు పండుకొనుటకు మాత్రమే చోటుండును. వెనుక తలుపును పైకెత్తినచో చిన్న వంటయర కనబడును. వంట చేయువారు బయట నిలిచియే వండుకొందురు. ఇట్టి బండ్ల నమూనాలు పత్రికలలో అచ్చుపడగా, వానిని చూచి పలువురు తమ ఇంటి పెరటిలోనే వానిని కట్టుకొనిరి.

ఆ బండ్లకు ప్లైవుడ్ పలకలును అల్యూమినియము రేకులును వాడెడివారు. అవి గట్టివే, కాని ప్లైవుడ్ బరువు తక్కువైనది కాదు. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, ముప్పాతిక అంగుళము మందము గల ప్లైవుడ్ పలక సుమారు 30 కిలోగ్రాములు తూగును. అంతే పొడవు వెడల్పులు కలిగి, 2 అంగుళముల మందము గల నురుగు పలక సుమారు 4 కిలోగ్రాములే తూగును. ఒక చిన్న బండి గోడలకును పైకప్పునకును 8 పలకలు పట్టుననుకొన్నచో, చెక్క 240 కిలోగ్రాములు, నురుగు 32 కిలోగ్రాములు అగును. చిన్న కారుపై ఆధారపడు కుటుంబమునకు ఈ వ్యత్యాసము స్వల్పమైనది కాదు. బరువు తగ్గినకొలది ఇంధనము తక్కువగా ఖర్చగును. బండిని ఆపుటయు సులభమగును.

ఈ నురుగు పలక సబ్బునురుగు వంటిది కాదు. పెట్టెలలో గాజుసామాను పగులకుండ ఉంచు థర్మోకోల్‌ను ఎరుగనివారుండరు. రెండును పాలిస్టైరీన్ అను పదార్థముతో చేసినవే. థర్మోకోల్ చిన్నచిన్న గింజలు కలిసి ఏర్పడినది. దీనిలోనో గింజలుండవు, మూసికొనిపోయిన సూక్ష్మమైన గాలిగదులు దట్టముగా అమరియుండును. అందుచే అది నీటిని మిక్కిలి తక్కువగా పీల్చుకొనును. వేడిని సులభముగా దాటనీయదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, ఈ జాతి నురుగును అమెరికాలో ప్రాణరక్షక తెప్పలకు వాడిరి. తరువాత ఇండ్ల గోడలలో చలిని ఆపుటకు దానిని విరివిగా వాడసాగిరి.

అయినను వ్రేలితో నొక్కిన సొట్టపడు పదార్థముతో వందల మైళ్లు తిరుగవలసిన బండిని కట్టుట ఎట్లు సాధ్యము? దీనికి సమాధానము వెదురుగడలో కలదు. వెదురు లోపల బోలు. దాని బలమంతయు బయటి పెచ్చులోనే ఉండును. ఏ పలకనైనను రెండు కొనలయందు ఆనించి నడుమ నొక్కినచో, దాని పైతలము నొక్కబడును, క్రిందితలము సాగదీయబడును. నడిమిభాగమున ఈ ఒత్తిడి స్వల్పము. కావున గట్టి పదార్థము రెండు తలములయందు ఉన్న చాలును. నడుమనున్నది ఆ తలములను ఎడముగా నిలిపి, అవి ముడుతపడకుండ కాపాడిన చాలును. రెండు పొరల నడుమ దూరము రెట్టింపైనచో, వంగుటను ప్రతిఘటించు శక్తి సుమారు నాలుగు రెట్లగును. అట్టపెట్టెను చించి చూచినచో రెండు కాగితముల నడుమ మడతలు పడిన మరియొక కాగితము కనబడును. అచట పనిచేయుచున్నదియు ఈ సూత్రమే.

ఈ సూత్రమును ఆకాశమునకు ఎక్కించినవారును కలరు. ఇంగ్లండులో డి హావిలాండ్ సంస్థ నిర్మించిన మస్కిటో అను యుద్ధవిమానము 1940 నవంబరు 25వ తేదీన తొలిసారి ఎగిరెను. దాని దేహము లోహముతో చేసినది కాదు. మిక్కిలి తేలికయైన బాల్సా చెక్కను నడుమ ఉంచి, ఇరుప్రక్కల పలుచని బర్చి ప్లైవుడ్ పొరలను అంటించి దానిని నిర్మించిరి. ఆపై నూలుగుడ్డను పఱచి, దానిని బిగువెక్కించు పూత పూసిరి. ఆ విమానము తన కాలమున మిక్కిలి వేగముగల విమానములలో ఒకటిగా ప్రసిద్ధి చెందెను. ఆ నూలుగుడ్డ పేరు మదపోలం. పశ్చిమ గోదావరి జిల్లాలో నర్సాపురమునకు చేరువనున్న మాధవాయిపాలెమునుబట్టి దానికి ఆ పేరు వచ్చినది. పదునేడవ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీ అచట వర్తకశాల నుంచి నూలుబట్టలను కొని ఓడలలో పంపెడిది. తరువాత ఇంగ్లండు మిల్లులలో నేసిన అట్టి గుడ్డకును ఆ గోదావరి తీరపు పేరే నిలిచెను.

నురుగు పలకల బండిలో బాల్సాకు బదులు నురుగును, ప్లైవుడ్ పొరకు బదులు జిగురుతో బిగిసిన కాన్వాసు గుడ్డయు ఉండును. గాజునారను రసాయనపు బంకతో కలిపి పూయుట ఖర్చుతో కూడిన పని. దానికి బదులు దీనిని వాడుటచే అమెరికావారు దీనిని పేదవాని ఫైబర్‌గ్లాసు అని వినోదముగా పిలుతురు.

నిర్మాణము నేలనుండి మొదలగును. రెండు చక్రములు, ఒక ఇరుసు గల ఉక్కుచట్రముపై ప్లైవుడ్ నేలను మరబోల్టులతో బిగింతురు. లాగుడు, కుదుపు అన్నియు చట్రమే భరింపవలయును గనుక ఇచట నురుగును నమ్మరు. తరువాత ప్రక్కగోడ ఆకారమును పెద్ద అట్టపై గీసి, దానిననుసరించి నురుగు పలకలను కోయుదురు. సన్నని పండ్ల రంపము దీనికి చాలును. వేడిచేసిన తీగతో కోసినచో కోత నునుపుగా వచ్చును; కాని అప్పుడు వెడలు పొగ హానికరము గనుక ఆ పని ఆరుబయటనే చేయవలయును. వంపు తిరిగిన పైకప్పునకు పలక లోపలితలమున వరుసగా గాట్లు పెట్టి మెల్లగా వంచి, ఆ గాట్లను జిగురుతో నింపుదురు.

అతుకులకు వాడు జిగురును ముందుగా ఒక చిన్న ముక్కపై పరీక్షింపవలయును. ఏలయన పెట్రోలు వంటి ద్రవములు కలిసిన జిగుళ్లును రంగులును పాలిస్టైరీన్‌ను కరగించివేయును. తగిన జిగురు పూసి పలకలను చేర్చి, అది ఆరువరకు కదలకుండ వెదురుపుల్లలను గుచ్చుదురు. నురుగులో మరమేకు నిలువదు. కావున తలుపులు, కిటికీలు, బందులు వచ్చుచోట్ల చెక్కబద్దలను ముందే నురుగులో పొదిగి అంటింతురు. ఈ పని మరచినవాడు గుడ్డ కప్పిన తరువాత గోడను మరల కోయవలసివచ్చును.

గుడ్డను అంటించుటయే అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టము. నురుగు పలక మెఱుపును గరుకు కాగితముతో రుద్ది పోగొట్టి, దుమ్మును తుడిచి, వడ్రంగులు వాడు తడికి తట్టుకొను తెల్లజిగురును పూయుదురు. దానిపై కాన్వాసును పఱచి, చేతితో నడుమనుండి అంచులవైపు నిమురుచు గాలిబుడగలను వెడలగొట్టుదురు. గుడ్డపైనను జిగురు పూయగా అది నూలులోనికి ఇంకును. ఆరినకొలది నూలు ముడుచుకొని, గుడ్డ డోలు చర్మమువలె బిగియును. లోపలితలమునకును ఇట్లే గుడ్డ అంటించినప్పుడే పలకకు పూర్తిబలము వచ్చును. పిమ్మట ఇండ్ల వెలుపలి గోడలకు వేయు నీటిరంగును పలుమారులు పూయుదురు. మొదటి పూత పలుచగా నుండి నేతలోనికి ఇంకవలయును. ఎండ సోకిన నురుగు క్రమముగా పొడియగును గనుక రంగు అందము కొఱకు మాత్రమే కాదు.

అనుభవజ్ఞులు బండికి గుడ్డ కప్పుటకు ముందు ఒక అడుగు ముక్కపై ఇదంతయు చేసి చూతురు. జిగురు బాగుగా ఆరిన పిమ్మట గుడ్డ కొనను పట్టి బలముగా లాగుదురు. గుడ్డతోపాటు నురుగు చీలి వచ్చినచో అతుకు మంచిది. జిగురు నురుగుకంటె బలముగా పట్టినదని అర్థము. గుడ్డ మాత్రమే శుభ్రముగా ఊడివచ్చినచో అతుకు చెడ్డది. రెండు ముక్కలును పైకి ఒకే విధముగా కనబడును. తొందరపడి ఈ పరీక్షను మానినవాడు తన తప్పును బాటమీద, గాలివేగమున గుడ్డ ఊడినప్పుడు తెలిసికొనును. పొరలు విడిపోయిన పలకకు వెనుకటి బలము ఉండదు.

బండి సిద్ధమైనను భారము అమర్చుటలో జాగ్రత్త కావలయును. మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతులు కారుకు తగిలించు కొక్కెముపై పడవలయును. 300 కిలోగ్రాముల బండికి అది 30 నుండి 45 కిలోగ్రాములు. సామానంతయు వెనుక పేర్చినచో ముందుభాగము తేలిపోయి, వేగము హెచ్చినప్పుడు బండి పాముతోకవలె అటునిటు ఊగును. అది కారును సైతము బాట తప్పింపగలదు. రక్షణగొలుసులు, వెనుక దీపములు లేక బయలుదేరరాదు.

నిప్పు విషయమున మరింత మెలకువ అవసరము. నురుగు అంటుకొనినచో విషపూరితమైన నల్లని పొగ క్రమ్మును. కావున పొయ్యి బండి లోపల వెలిగింపరు. గాలి పోవురాని మూసిన చోట వెలిగించిన పొయ్యినుండి వాసనలేని విషవాయువును పుట్టగలదు. ఇద్దరు నిద్రించు ఇరుకుచోట శ్వాసవలన గోడలపై చెమ్మయు చేరును. అందుచే చలి ఎంత ఉన్నను గాలిరంధ్రములను మూయరు.

ఇట్టి బండి వెల దానికి పట్టిన ఓపికనుబట్టి లెక్కింపవలయునేగాని కొన్న వస్తువులనుబట్టి కాదు. నురుగును వ్రేలు నొక్కగలదు. గుడ్డను గాలి ఎగురవేయగలదు. జిగురును నీరు కడిగివేయగలదు. రంగుకు తనంతట నిలుచు శక్తి లేదు. ఈ నాలుగును తమతమ స్థానములయందు నిలిచి, ఒకదానినొకటి గట్టిగా పట్టుకొన్నప్పుడు వానను, ఎండను, బాటను ఓర్చుకొను గూడు ఏర్పడుచున్నది. కంటికి కనబడని అతుకునందు చేయు శ్రద్ధయే దానిని నిలుపుచున్నది. గూడుబండిపై వెదురును వంచిన చేతులకును ఈ రహస్యము తెలియును.