ట్రాలీ టైరు పేలితే బ్రేకు తొక్కకండి

యాసంగి కోతలు మొదలయ్యాయంటే బాన్సువాడ ప్రాంతంలో రోడ్లన్నీ ధాన్యం ట్రాలీలతో నిండిపోతాయి. నిజాంసాగర్ కాలువల కింద పండిన వరి కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మిల్లుకు చేరాలంటే ట్రాక్టరే ఆధారం. సరిగ్గా ఈ ఏప్రిల్, మే నెలల్లోనే ఎండ ముదురుతుంది, రోడ్డు కాలిపోతుంటుంది. బరువు ఎక్కువ, తొందర ఎక్కువ. ట్రాలీ టైర్లు పేలడానికి ఇంతకన్నా అనువైన కాలం లేదు. టైరు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. ట్రాలీ కాలువలో పడితే పోయేది ప్రాణాలు. కాబట్టి రైతు సోదరులు ఈ విషయంలో కొన్ని జాగ్రత్తలు తెలుసుకోవాలి.

టైరు ఎందుకు పేలుతుంది?

గాలి ఎక్కువైతేనే టైరు పేలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి తక్కువైనా అంతే ప్రమాదం. గాలి తగ్గిన టైరు బరువుకు అణిగి, తిరిగిన ప్రతిసారీ పక్క భాగం వంగి లేస్తుంది. ఒక ఇనుప తీగను పదేపదే వంచి చూడండి, వంచిన చోట వేడెక్కుతుంది. టైరులోనూ ఇదే జరుగుతుంది. వేడికి లోపలి పొరలు రబ్బరు నుంచి విడిపోతాయి, ఏ గుంటలోనో పడగానే ఢామ్మంటుంది. దీనికి అధిక బరువు, వేగం తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. నాలుగు చక్రాల ట్రాలీ సొంత బరువు ఒకటిన్నర టన్నులు అనుకుందాం. 40 కిలోల బస్తాలు 150 వేస్తే 6 టన్నులు. మొత్తం ఏడున్నర టన్నులు, అంటే ఒక్కో టైరు మీద 1,875 కిలోలు. ‘ఇంకో ట్రిప్పు ఎందుకులే’ అని మరో 50 బస్తాలు వేశారనుకోండి, ఒక్కో టైరు మీద 500 కిలోలు పెరిగి 2,375 అవుతుంది. బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే వెనక టైర్ల మీద భారం ఇంకా ఎక్కువ. మీ టైరు ఎంత మోయగలదో, ఎన్ని పౌండ్ల గాలి పట్టాలో టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది. చదవడం రాకపోతే పంచరు దుకాణంలో అడిగి తెలుసుకోండి.

బయలుదేరే ముందు

* పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి. కాలితో తన్ని చూస్తే తెలియదు, మీటరుతోనే చూడాలి. నడిచిన టైరు వేడికి గాలి పెరిగినట్టు చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకూడదు. చల్లారాక తక్కువైపోతుంది.
* కొనుగోలు కేంద్రం వద్ద రెండు మూడు రోజులు బరువుతోనే ట్రాలీ నిలబడితే, కదిలించే ముందు మళ్లీ గాలి చూసుకోండి.
* టైరు పక్కన పగుళ్లు, ఉబ్బు, దారాలు బయటపడటం కనిపిస్తే ఆ టైరును లోడుకు వాడవద్దు.
* పాత లారీ టైర్లు కొనేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గుండీలు బాగున్నా రబ్బరు ముసలిదైతే నమ్మరాదు.
* ఒకే ఇరుసుకు ఒకే సైజు టైర్లు ఉండాలి. జంట టైర్లయితే మధ్యలో రాళ్లు ఇరుక్కున్నాయేమో చూసి తీసేయండి.
* ట్రాక్టరు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం రోడ్డెక్కే ముందు తప్పక వేయాలి. పొలంలో విప్పి అలాగే వస్తే, బ్రేకు ఒక పక్కే పట్టి ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది.

రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చే అలవాటు మనకుంది. ధాన్యం ఎత్తాక ఆ రాళ్లు తీసేయకపోతే రేపు మన టైరునే కోస్తాయి. రాత్రిపూట మోటారు సైకిలు మీద వచ్చేవాళ్లకు ప్రాణగండం.

పేలిన క్షణంలో

చప్పుడు వినగానే కాలు బ్రేకు మీదికి పోతుంది. అదే అసలు ప్రమాదం. మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులుండవు. ట్రాక్టరు ఆగినా వెనకున్న ఏడెనిమిది టన్నులు ఆగవు. ట్రాక్టరును ముందుకు నెట్టి, పక్కకు మడిచి పడేస్తాయి. అందువల్ల:

1. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా, నిటారుగా పట్టుకోండి. ట్రాలీ ఒక పక్కకు లాగుతుంది. ఎదురు పక్కకు ఒక్కసారిగా తిప్పవద్దు.
2. యాక్సిలేటరు మెల్లగా వదలండి. చేతి యాక్సిలేటరు పెట్టి ఉంటే తగ్గించండి.
3. క్లచ్చి తొక్కవద్దు, గేరు తీయవద్దు. ఇంజనే వేగాన్ని తగ్గిస్తుంది.
4. వేగం బాగా తగ్గాక మాత్రమే బ్రేకు కొద్దికొద్దిగా తొక్కండి.
5. ఎడమ పక్క గట్టి నేల చూసి ఆపండి. కాలువ కట్ట మీద, నీళ్లు పారిన మెత్తటి అంచు మీదికి దించితే లోడు ట్రాలీ ఒరిగిపోతుంది. అవసరమైతే టైరు పోయినా పరవాలేదు, నడక వేగంతో నాలుగడుగులు ముందుకు పోయి ఆపండి.

లోడుతో 25 కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపితే ఇవన్నీ చేసే వ్యవధి దొరుకుతుంది.

ఆపిన తర్వాత

ఇంజను ఆపి, గేరులో ఉంచి, హ్యాండు బ్రేకు వేయాలి. బాగున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. వెనక 50 అడుగులకు ఒకటి, వంద అడుగులకు ఒకటి గుర్తుగా కొమ్మలు వేయండి, రాత్రయితే టార్చిలైటుతో ఒక మనిషిని రోడ్డు పక్కన నిలబెట్టండి. ట్రాలీ వెనక రేడియం స్టిక్కర్లు ముందే అంటించి ఉంచితే ఎంతో మేలు.

రెండు చక్రాల ట్రాలీని లోడుతో ఉండగా ట్రాక్టరు నుంచి విప్పరాదు. బరువు వెనక్కి ఉంటే ముందు కొక్కెం ఎగిరి మనిషిని కొడుతుంది. వీలైతే సగం బస్తాలు దించండి. నట్లు కొద్దిగా వదులు చేశాకే, గట్టి చెక్క మీద జాకీ పెట్టి ఇరుసు కింద లేపాలి. ట్రాలీ కిందికి తల గానీ కాళ్లు గానీ పెట్టవద్దు. నట్లు ఎదురెదురుగా బిగించి, నాలుగైదు కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాలి. రింగు ఉన్న చక్రానికి గాలి కొట్టేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడరాదు. రింగు ఎగిరితే తుపాకీ గుండుతో సమానం.

లోడు మీద మనుషులు వద్దు

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. వారిలో దాదాపు అందరూ నాట్లకు, కలుపులకు పోయే మన ఆడవాళ్లలాంటి వారే. కారణం ఏదైనా, ట్రాలీ బోల్తా పడితే అందులో ఉన్నవారికి తప్పించుకునే దారి ఉండదు. బస్తాల మీద కూర్చున్నవారైతే ముందు పడతారు, బస్తాలు వారి మీద పడతాయి. ‘ఊరు దగ్గరే కదా, ఎక్కమ్మా’ అనే మాట మానుకోండి. కూలీలకు ఆటో కిరాయి ఇచ్చి పంపడం భారమనుకోవద్దు. దెబ్బలు తగిలితే వెంటనే 108కి ఫోను చేయాలి.

ఒక ట్రిప్పు మిగిలిందని సంతోషపడితే ఒక టైరు పోవచ్చు, ఒక మనిషి పోవచ్చు. బస్తాలు తగ్గించి ఇంకో ట్రిప్పు వేయండి. పొద్దున్నే గాలి చూపించండి. పేలితే మాత్రం బ్రేకు మీద కాలు వేయకండి.