గిన్నెల లెక్క కాదమ్మా, అడుగు చూడు

ఏమ్మా, మూకుడు మళ్ళీ మాడిందా? ఆ పీచు అక్కడ పడేసి ఇలా వచ్చి కూర్చో. టీ మరిగింది, తాగుతూ మాట్లాడుకుందాం. ఉల్లికారం అడుగంటిందని నీ చేతిని నువ్వే తిట్టుకుంటున్నావు కదా? నీ చేతిలో ఏ లోపమూ లేదు. ఉన్నదంతా ఆ గిన్నె అడుగులో ఉంది.

మనిళ్ళల్లోకి స్టీలు సామాను ఎలా వచ్చిందో ఒక్కసారి తలుచుకో. సగం సారెలో వచ్చింది. కొంత గృహప్రవేశాలకీ వ్రతాలకీ చదివింపులుగా వచ్చింది, ఇచ్చినవాళ్ళ పేరూ తారీఖూ చెక్కించి మరీ. ఇంకొంత అమ్మ పాత జరీ చీరలిచ్చి, వీధిలోకొచ్చిన సామాన్లామెతో గంటసేపు బేరమాడి తీసుకుంది. ఇందులో పులుసు కాస్తే ఎలా ఉంటుంది అని ఆలోచించి కొన్నది ఒక్కటైనా ఉందా? అవన్నీ పప్పులు పోసుకోవడానికీ, వడ్డించడానికీ బంగారంలాంటివి. పొయ్యెక్కించడానికి మాత్రం పనికిరావు.

పోయిన శ్రావణంలో మా పిన్ని కూతురి పెళ్ళి సామానుకని విజయనగరం వెళ్ళాం. గంటస్తంభానికి దగ్గర్లో ఒక కొట్టు. ఇరవై ఒక్క వస్తువుల సెట్టు పరిచి చూపించారు, అద్దంలా మెరుస్తోంది. పెళ్ళికూతురికి కళ్ళు చెదిరాయి, పాపం చిన్నపిల్ల. నేను ఒక తపేలా బోర్లించి అడుగుమీద బొటనవేలు పెట్టి నొక్కాను. లోపలికి సొట్టపోయి టక్కుమని మళ్ళీ లేచింది. అప్పుడు ఇద్దరం కూర్చుని లెక్కేశాం. మూతలు, గరిటెలు, డబ్బాలు తీసేస్తే పొయ్యెక్కేవి ఐదే తేలాయి. ఆ ఐదూ పలుచనే. సెట్టు అన్నమాటకి మనం లొంగిపోయేది ఇక్కడే. అదే డబ్బుకి నాలుగు మంచి గిన్నెలు విడిగా వస్తాయి, నా మాట విను.

మరి మంచిదని ఎలా తెలుస్తుంది? కొట్లో అందరూ ‘అయస్కాంతం అంటుకోకపోతే అసలు స్టీలమ్మా’ అంటారు. ఆ మాట సగమే నిజం. మన వంటకి కావలసింది 304 రకం. అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి, అందుకే కొన్నిటి మీద 18/8 అని కొడతారు. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. 202 రకంలో నికెల్ తగ్గించి ఆ చోట మాంగనీసు పెంచుతారు. దానికీ అయస్కాంతం అంటుకోదు! ఆ రెండిటికీ తేడా అయస్కాంతం ఎలా చెబుతుంది చెప్పు?

ఈ లోహాలేవీ మనకి కొత్తవి కావు. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు తవ్వకాలు 1890ల నుంచీ ఉన్నవే. స్టెయిన్‌లెస్ స్టీలుకి క్రోమియాన్ని అందించే ఫెర్రోక్రోమ్ మన గరివిడి శ్రీరామ్‌నగర్ ఫ్యాక్టరీలో తయారైందే. ఇన్ని తెలిసిన నేల మీద పుట్టి, గిన్నె దగ్గర మోసపోతే ఎలా?

202 అంటే విషమేమీ కాదు, భయపడకు. నీళ్ళకీ పప్పుల డబ్బాలకీ హాయిగా వాడుకో. కానీ మనం వండేవేమిటి? చింతపండు పులుసులు, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, ఉప్పూ పులుపూ పడి గంటలకొద్దీ అందులోనే ఉండిపోయే కూరలు. పైగా తీరం పక్కన ఉప్పు గాలి. చౌక స్టీలు మీద మచ్చలు తొందరగా తేలుతాయి. పులుసు కాసే గిన్నె దగ్గర మాత్రం పొదుపు చెయ్యకు.

అడుగున 304 అని కొట్టి ఉందో లేదో చూడు. బిల్లు మీద కూడా 304 అని రాయించు, మొహమాటపడకు. ఐఎస్‌ఐ గుర్తు వెతుకు. స్టీలు వంటపాత్రలకి ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024 మార్చిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. వాటి ప్రమాణం ఐఎస్ 14756. గుర్తు దగ్గర ఉండే లైసెన్సు నంబరుని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో తేలిపోతుంది. రెండు నిమిషాల పని.

ఇక బరువు. మన అమ్మమ్మలు బుడితి ఇత్తడి, కంచు సామాను కొనేటప్పుడు ఏం చేసేవారు? చేత్తో ఎత్తి చూసేవారు, వేలితో కొట్టి చెవి పెట్టేవారు. ఇత్తడి గిన్నెలో పులుపు వండాలంటే కళాయి పూత ఉండాల్సిందే, అది అరిగినప్పుడల్లా మళ్ళీ వేయించుకోవాల్సిందే. స్టీలు ఆ తిప్పలు తప్పించింది, నిజమే. కానీ స్టీలుకి వేడిని చుట్టూ పంచడం రాదు. మంట తగిలినచోటే కాలి, అక్కడే మాడుస్తుంది. అందుకే ట్రైప్లై అడుగు. లోపల 304, మధ్యలో వేడిని పరిచే అల్యూమినియం, బయట అయస్కాంతం అంటుకునే స్టీలు, మూడూ కలిపి నొక్కిన రేకు. రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటే మన వంటకి చాలు. ఇండక్షన్ పొయ్యి ఉంటే అప్పుడు తీసుకెళ్ళు ఫ్రిజ్ మీది అయస్కాంతం. గిన్నె అడుగుకి గట్టిగా పట్టుకోవాలి.

నలుగురున్న ఇంటికి ఏం కావాలి? వేపుళ్ళకి వెడల్పాటి మూకుడొకటి, పులుసుకి లోతు గిన్నె ఒకటి, పాలకి ఒకటి, స్టీలు కుక్కరు. అంతే. అట్లకి మీ అత్తగారి ఇనప పెనం పారెయ్యకు, చేపల పులుసుకి మట్టి దాక ఉండనీ.

కొత్త మూకుడు మొదటి రోజే అంటుకుందని ఏడవకు. ఖాళీ మూకుడు మధ్యరకం మంట మీద పెట్టి, కాస్త ఆగి ఒక నీటిచుక్క వెయ్యి. చుయ్యిమని ఆవిరైపోతే ఇంకా వేడెక్కలేదు. తామరాకు మీద బొట్టులా దొర్లుతూ తిరిగితే సమయం వచ్చినట్టు. మంట తగ్గించి, అప్పుడు నూనె, ఆపైన పోపు. ఎసట్లో ఉప్పు మాత్రం నీళ్ళు మరిగాకే వెయ్యి. చన్నీళ్ళలో వేస్తే అడుగున కూర్చుని చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. ఇంద్రధనుస్సు మరకలు కనిపిస్తే కంగారు పడకు, పులుసు పిండేసిన చింతపండు పిప్పితో రుద్దితే పోతాయి.

ఈ ఆదివారం కొట్టుకి వెళ్తావు కదూ? మీ ఇంట్లో రోజూ తిప్పే గరిటె ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళు. గిన్నెలో పెట్టి అంచు చుట్టూ తిప్పి చూడు. మూలలో గరిటె అందని చోటు ఉంటే అక్కడే మాడుతుంది, ఆ గిన్నె అక్కడే పెట్టేసి ఇంకొకటి అడుగు.