గుర్రాల ఆటలో డబ్బు లెక్క

స్టడీ అవర్ అయ్యాక మన డార్మిటరీలో ఎక్కువగా వినపడే ప్రశ్న ఒకటుంది: "ఆటలో డబ్బులు వస్తాయట గదా?" వస్తాయి. అయితే అవి ఏ డబ్బులు, ఎవరి జేబులోంచి వస్తాయి, ఎంత ఖర్చు మీద వస్తాయి అన్నది లెక్క వేసుకోవాలి. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు మేము గుర్రాల ఆటను పాఠంగా తీసుకున్నాము. పదో తరగతి సంభావ్యత, ఇంటర్ ఎకనామిక్స్ రెండూ ఇక్కడ పనికివస్తాయి. గుర్రం ఎక్కడం రానక్కరలేదు.

ముందు ఆట సంగతి. ఫ్రాన్సులో ఔలియెంట్ అనే సంస్థ 2005లో "ఎక్విడియో" పేరుతో ఒక ఆట పెట్టింది. ఇంగ్లీషులో దాని పేరు "హౌర్స్". 2011లో ఆ సంస్థను యూబీసాఫ్ట్ కొనేసింది. ఇందులో తుపాకులు, బాంబులు ఏమీ లేవు. గుర్రాన్ని పెంచాలి, మేపాలి, తోమాలి, నిద్రపుచ్చాలి, శిక్షణ ఇవ్వాలి, పోటీలకు పంపాలి. ఆటలో ఒక రోజు గడిస్తే గుర్రానికి రెండు నెలల వయసు పెరుగుతుంది. అక్కడ చెల్లే డబ్బు పేరు "ఈక్వస్". దీనితోపాటు "పాస్" అని ఇంకొకటి ఉంది. దాన్ని అసలు డబ్బు పెట్టి కూడా కొనుక్కోవచ్చు. ఈ రెండింటి తేడా గుర్తు పెట్టుకోండి, చివర అవసరం పడుతుంది.

గుర్రానికి ఆరు గుణాలు ఉంటాయి: ఓర్పు, వేగం, డ్రెస్సేజ్, గ్యాలప్, ట్రాట్, దూకుడు. గ్యాలప్ అంటే మన దౌడు. ట్రాట్ అంటే నడకకూ దౌడుకూ మధ్య పరుగు. డ్రెస్సేజ్ అంటే రౌతు సైగను బట్టి గుర్రం అడుగులు వేసే విద్య. దూకుడు అంటే ఇక్కడ అడ్డంకుల మీదుగా గెంతడం, మన క్రికెట్ టీములో ఉన్న దూకుడు కాదు. ప్రతి పోటీకీ కొన్ని గుణాలే ముఖ్యం. దౌడు పందెంలో గ్యాలప్, వేగం చూస్తారు గానీ దూకగలదా అని చూడరు. కాబట్టి అన్ని గుణాలూ కొంచెం కొంచెం పెంచిన గుర్రం కంటే, ఒక్క పోటీకి కావలసిన గుణాలు బాగా పెంచిన గుర్రమే సంపాదిస్తుంది. కొత్తగా ఆడేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇక లెక్కలోకి వద్దాం. కింది అంకెలు ఆటలోవి కావు, పాఠం కోసం మేము వేసుకున్నవి. ఒక పోటీలో 10 గుర్రాలు. ఒక్కొక్క దానికి ప్రవేశ రుసుము 40 ఈక్వస్. మొత్తం 400. మొదటి బహుమతి 200, రెండవది 100, మూడవది 60. మిగిలిన 40 పోటీ నడిపిన కేంద్రానికి. పది గుర్రాలూ సమానమైతే ఒక్కొక్క దానికి సగటున వచ్చేది 360ని 10తో భాగించగా 36. కట్టింది 40. అంటే ప్రతి పోటీకీ సగటున 4 ఈక్వస్ నష్టం. ఎవరూ మోసం చేయలేదు, గుర్రం చెడ్డదీ కాదు. అందరితో సమానంగా ఉండటమే ఇక్కడ నష్టం. ఈ ఒక్క ముక్క అర్థమైతే పాఠంలో సగం అయినట్లే.

మన గుర్రం తోటివాటి కంటే మెరుగైనదనుకుందాం. 10 పోటీల్లో రెండు సార్లు మొదటిది, రెండు సార్లు రెండవది, రెండు సార్లు మూడవది వచ్చింది. ఆదాయం 400, 200, 120 కలిపి 720. రుసుములు 400. మిగులు 320. బాగుంది గదా అనిపిస్తుంది. కానీ "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. గుర్రానికి శక్తి అనే కొలత ఉంటుంది. పోటీకి వెళ్ళిన ప్రతిసారీ అది తగ్గుతుంది, కాబట్టి రోజంతా పరుగెత్తించలేము. రోజుకు రెండు పోటీలే కుదిరాయనుకుంటే 10 పోటీలకు 5 రోజులు. లాయం అద్దె, దాణా కలిపి రోజుకు 25 చొప్పున 125 ఖర్చు. నికరంగా మిగిలింది 195, రోజుకు 39.

అప్పుడే అయిపోలేదు. జీను, కళ్లెం కొనాలి. వాటికి 1,560 అయ్యిందనుకోండి. రోజుకు 39 చొప్పున అది తిరిగి రావడానికి 40 రోజులు. రోజుకు రెండు నెలల లెక్కన గుర్రానికి 80 నెలలు, అంటే 6 సంవత్సరాల 8 నెలలు నిండిపోతాయి. మూడేళ్ళ గుర్రంతో మొదలుపెట్టిన వాడికి జీను బాకీ తీరేసరికి గుర్రం వయసు 9 సంవత్సరాల 8 నెలలు! మన ఊళ్ళో ఆటో కిస్తీలు కట్టే అన్నలకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

పెద్ద పోటీకి వెళితే త్వరగా తీరదా అని మా గదిలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. రుసుము 100, మొదటి బహుమతి 500, రెండవది 250, మూడవది 150 అనుకుందాం. అక్కడికి బలమైన గుర్రాలు వస్తాయి. 10 పోటీల్లో మనకు ఒక మొదటి స్థానం, ఒక మూడవ స్థానం వస్తే ఆదాయం 650, రుసుములు 1,000. దాణాతో కలిపి 475 నష్టం. అదే గుర్రం, అదే దాణా. పెద్ద బహుమతి పేరు చూసి కాకుండా మనకు ఎన్నో స్థానం వస్తుందో చూసి పోటీని ఎంచుకోవాలి.

అలాగని చిన్న పోటీలే ఆడుతూ కూర్చోమని కాదు. హౌర్స్‌లో గుర్రం విలువను చెప్పే "బ్లప్" అనే సూచిక ఒకటుంది. అది 100కు చేరాలంటే శిక్షణ, పదేళ్ళ వయసుతోపాటు 20 పోటీల్లో గెలుపు కూడా ఉండాలి. బ్లప్ పెరిగిన గుర్రపు పిల్లలకు గిరాకీ ఎక్కువ. అంటే బహుమతి సొమ్ము కంటే ఆ గెలుపు వల్ల పెరిగే గుర్రం ధరలోనే అసలు లాభం ఉండవచ్చు.

ఎకనామిక్స్ వారికి ఇంకొక ఆట. స్వీడన్‌లో తయారైన "స్టార్ స్టేబుల్"లో జోర్విక్ అనే ద్వీపం మీద పందేలు ఉంటాయి. గెలిస్తే జోర్విక్ షిల్లింగులు ఇస్తారు. ఇక్కడ బహుమతి తోటి ఆటగాడి రుసుము నుంచి కాక ఆట ఖజానా నుంచి వస్తుంది, అంటే కొత్త నోటు అచ్చు వేసినట్లు. అందుకే రోజువారీ పందేనికి బహుమతి రోజుకు ఒక్కసారే. రోజంతా ఇస్తూ పోతే డబ్బు కుప్పలు పడి విలువ పోతుంది. నల్లా తిప్పినప్పుడు తొట్టి పొర్లకుండా కింద తూము కూడా ఉండాలి. దాణా, బట్టలు, జీనుల అమ్మకమే ఆ తూము. ద్రవ్యోల్బణం పాఠం బట్టీ పట్టేవారు ఈ తొట్టిని ఒకసారి తలచుకోండి.

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. హౌర్స్ పాస్ గానీ, స్టార్ స్టేబుల్ స్టార్ కాయిన్ గానీ, రూపాయి లోపలికి వెళ్ళే దారే తప్ప బయటికి వచ్చే దారి కాదు. ఎన్ని లక్షల ఈక్వస్ గెలిచినా మెస్‌లో ఒక ఇడ్లీ రాదు. అది ఆట కనుక అలాగే ఉండాలి. రూపాయి పెడితే రూపాయలు వస్తాయని చెప్పేది వేరే జాతి. మా ముందు బ్యాచ్‌లో ఒక అన్న పరీక్ష ఫీజు కోసం ఇంటి నుంచి వచ్చిన డబ్బును గుర్రప్పందేల యాప్ ఒకదానిలో పెట్టాడు. ఫీజు గడువు లోపల అందులోంచి ఏమీ తిరిగి రాలేదు. గదిలోని ఆరుగురూ తలా కొంత వేసి ఫీజు కట్టించారు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడినదని 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. యాప్‌లవాళ్ళు "ఇది నైపుణ్యం" అని ప్రచారం చేసుకునే మాటకు మూలం అటువంటి తీర్పులే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. డబ్బు ఆశ లేని వినోద ఆటలను ఆ నిషేధం కిందికి తేలేదు.

తమ్ముళ్ళకు ఒక అభ్యాసం. పైన చెప్పిన మొదటి పోటీలో 10 గుర్రాలకు బదులు 8 గుర్రాలే వచ్చాయి. బహుమతులు మారలేదు. గుర్రాలన్నీ సమానమైతే సగటున ఒక్కొక్క దానికి లాభమా, నష్టమా? పోటీ నడిపిన కేంద్రానికి ఎంత? జవాబులు నోటీసు బోర్డు పక్కన అంటించండి, ఆదివారం సాయంత్రం కూర్చుని చూద్దాం.