భుజం బాగుపడిందని తేల్చేదెలా?

మానవ దేహంలోని కీళ్లన్నింటిలోనూ అత్యంత విస్తృతంగా కదలగలిగినది భుజం. జడ అల్లుకోవడానికైనా, అటక మీది డబ్బా అందుకోవడానికైనా, బంతి విసరడానికైనా అదే ఆధారం. అయితే ఆ స్వేచ్ఛ వెనుక ఒక బలహీనత ఉంది. తొడ ఎముక తల తుంటిలోని లోతైన గుంటలో ఒదిగి ఉంటుంది. భుజాస్థి తల మాత్రం చిన్న పళ్లెం వంటి లోతులేని గుంటను ఆనుకొని ఉంటుంది. దానిని నిలిపి ఉంచే భారం సంధిబంధనాలపైన, రోటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల సముదాయంపైన పడుతుంది. యుక్తవయస్సులో ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం ఎక్కువ. కనుక భుజం జారిన పిల్లవాడు ఈతకో, టెన్నిస్‌కో తిరిగి ఎప్పుడు వెళ్లవచ్చునన్నది తేలికగా తీసుకోదగిన ప్రశ్న కాదు.

చేయి ఎంత ఎత్తుకు లేస్తున్నదో గోనియోమీటరు అనే కోణమాపకంతో చూడటం పాత పద్ధతి. కాని ఎంత లేచిందన్నది ఒకటి, ఎలా లేచిందన్నది మరొకటి. చేయి లేచేటప్పుడు రెక్క ఎముక కూడా తిరుగుతుంది. ఇన్మన్, సాండర్స్, ఆబట్ 1944లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ రెండింటి పాలు సుమారు 2:1. అంటే 180 డిగ్రీలలో దాదాపు 120 భుజపు కీలువి, 60 రెక్క ఎముకవి. గాయపడిన వ్యక్తి భుజం ఎగరేసి, నడుము వంచి కూడా అదే ఎత్తును అందుకోగలడు.

ఈ తేడాను గుర్తించడానికి ఒంటిపై ధరించే చలన సెన్సర్లు తోడ్పడుతున్నాయి. అగ్గిపెట్టెంత పరికరాలను రొమ్ము ఎముకపైన, రెక్క ఎముకపైన, దండచేతిపైన అతికిస్తారు. వాటిలోని యాక్సిలరోమీటరులో సన్నని సిలికాను స్ప్రింగులపై ఒక సూక్ష్మమైన బరువు ఉంటుంది. చేయి నిలకడగా ఉన్నప్పుడు గురుత్వాకర్షణ వల్ల ఆ బరువు ఎటు జరిగిందో చూసి వాలును లెక్కిస్తారు. గైరోస్కోపు కోణీయ వేగాన్ని కొలుస్తుంది. దానిని కాలంతో సమాకలనం చేస్తే కోణం లభిస్తుంది. అయితే చిన్న దోషం కూడా పేరుకుపోతుంది. సెకనుకు 0.1 డిగ్రీ పొరపాటు నిమిషంలో 6 డిగ్రీలవుతుంది. అందుకే రెండింటి కొలతలను కలిపి, ఒకదాని లోపాన్ని మరొకదానితో సవరిస్తారు. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రతిపాదించిన గణిత పద్ధతి ఇందుకు ఎంతగానో ఉపకరిస్తున్నది.

ఆ లెక్కల నుండి చేయి దించేటప్పుడు కలిగే కుదుపు, ఒకే భంగిమలో నిలిపినప్పటి వణుకు, రెండు భుజాల మధ్య వ్యత్యాసం అంకెలలో తెలుస్తాయి. పోయిన నెల కొలతతో పోల్చి చూస్తే వ్యాయామం ఫలిస్తున్నదో లేదో తేలుతుంది.

ఈ సాధనానికీ హద్దులున్నాయి. చేయి పైకి లేచేకొద్దీ రెక్క ఎముకపై చర్మం జారి కొలత తప్పవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, కీలు లోపల ఎముక తల కొద్ది మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చర్మంపై ఉన్న సెన్సరు దానిని చూడలేదు. అది కొలిచేది కండరాల అదుపునే గాని బంధనాల బిగువును కాదు. కనుక అంకెలు బాగున్నంత మాత్రాన భుజం బాగుపడినట్లు భావించరాదు. వైద్యుని పరీక్షకు ఈ సెన్సర్లు తోడు మాత్రమే.