తెరమీఁద మన సీమ యువకులు

ఫ్రాంక్ రోడం 1979లో తీసిన ఆంగ్లచిత్రము 'క్వాడ్రోఫేనియా'లో లండను కుఱ్ఱవాండ్రు మోడ్సు, రాకర్సు అను జట్లుగాఁ జీలి, 1964 నాఁటి రీతిని బ్రైటను సముద్రతీరమునఁ గలహింతురు. అయినను ఆ గుంపులో జిమ్మీ యను నొక్కని కొలువును, ఇంటిపోరును, ఒంటరితనమును దర్శకుఁడు దగ్గఱగాఁ జూపినాఁడు.

మన 'సమరసింహారెడ్డి' (1999) మొదలగు చిత్రములలో అట్టి పిల్లవాఁ డెక్కడ? సుమోబండ్ల నుండి వేటకొడవండ్లతో దుమికెడు యువకులకుఁ దఱచు పేరైన నుండదు. సీమలో కక్షలు లేకుండెనని మేము బొంకము. కాని ఆళ్లగడ్డలో నులిపట్టి రాతికి రూపమిచ్చు పడుచువాండ్రు ఆ కథలకుఁ బనికిరారైరి.

సెలవులకు వచ్చిన నంద్యాల విద్యార్థి యొకఁడు, హైదరాబాదు వసతిగృహమునఁ దోడివారు "బాంబులు తెచ్చితివా?" యని నవ్వుటచేఁ దన యూరిపేరు చెప్పుట మానితినని మాతో ననెను.