వనవీరుడును వాని యిలవేలుపును



బల్లచుట్టును నలుగురైదుగురు కూర్చుండి, ఒక్కొక్కరొక్కొక్క పాత్రను ధరించి, పాచికలు వైచుచు, కథను కల్పించుకొనుచు ఆడెడి క్రీడ యొకటి కలదు. దీనిని 1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర ప్రకటించిరి. ఇందు పాలడిన్ అనువాడు ప్రతిజ్ఞాబద్ధుడైన వీరుడు. 2014 నాటి నియమగ్రంథమున వానికి విధింపబడిన ప్రతిజ్ఞలలో ప్రాచీనుల ప్రతిజ్ఞ యొకటి. దానిని పూనినవారిని ఫెయిరీ వీరులనియు, హరితవీరులనియు పిలుతురు. ఫెయిరీలనగా అడవులందును జలములందును మనుష్యుల కన్నులకు మఱుగై సంచరించు గానప్రియులైన జీవులు. మన కావ్యములందలి గంధర్వులును యక్షులును వారికి దగ్గఱి చుట్టములు. ఇట్టి వీరునికి ఇలవేలుపుగా నెవరిని ఎన్నుకొనవలెను? ప్రశ్న ఆటకు సంబంధించినదే యైనను, చక్కగా విచారించువానికి దీనివలన చరిత్రయు నీతియు గూడ కొంత తెలియును.

1. మన సీమ నిదర్శనము

ఏలూరునకు సమీపముననున్న పెదవేగియే పూర్వపు వేంగీపురము. క్రీ. శ. 4, 5 శతాబ్దములందు అచ్చట నేలిన శాలంకాయనులు తమ శాసనములలో చిత్రరథస్వామి పాదభక్తులమని చెప్పుకొనిరి. ఆ స్వామి సూర్యుడని చరిత్రకారులు తలంతురు. భారతమున నా పేరే గంధర్వరాజునకును కలదు. వారి తరువాత వచ్చిన విష్ణుకుండినులు శ్రీపర్వతస్వామిని పేర్కొనిరి.

624వ సంవత్సర ప్రాంతమున కుబ్జవిష్ణువర్ధనుడు స్థాపించిన తూర్పు చాళుక్యవంశపు తామ్రశాసనములు మఱింత విస్తారముగా చెప్పును. ఆ రాజులకు రాజ్యము కౌశికి వరమువలన లభించినది. వారిని మాతృగణము పరిపాలించుచున్నది. వారు మహాసేనుని పాదములను ధ్యానింతురు. వారి వరాహలాంఛనము నారాయణుని ప్రసాదము. రాజమహేంద్రవరమున నేలిన రాజరాజనరేంద్రుని బంగారు నాణెములపై నేటికిని ఆ వరాహమును చూడవచ్చును.

ఈ ప్రశస్తిని కేవలము బిరుదుల వరుసగా చదువకుడు. ఇందు నాలుగు ప్రశ్నలకు ఉత్తరములు కలవు. నాకు అధికారము ఎవరిచ్చిరి? నన్ను ఎవరు కాపాడుదురు? నేనెవరికి లోబడుదును? ఎవరి గుర్తును ధరింతును? ఇలవేలుపు అను మాటలో ఈ నాలుగును ఇమిడియున్నవి.

2. పాశ్చాత్య కావ్యముల నిదర్శనము

ఆంగ్లకవియగు స్పెన్సరు 1590లో 'ఫెయిరీ క్వీన్' అను కావ్యపు మొదటి మూడు భాగములను ప్రకటించెను. అందు మొదటి వీరుడు ఫెయిరీ రాణియగు గ్లోరియానా ఆజ్ఞచే మహాసర్పమును చంప బయలుదేరును. అయినను వాని ఱొమ్మునను డాలునను ఉన్నది రాణి గుర్తు కాదు, ఎఱ్ఱని సిలువ. అనగా వాని కార్యము నియమించినవారు వేరు, వాని గుర్తు వేరు. 14వ శతాబ్దాంతమున వెలసిన 'సర్ గవెయిన్ అండ్ ది గ్రీన్ నైట్' అను కావ్యమున గవెయిన్ డాలుకు వెలుపల అయిదు కోణముల నక్షత్రమును, లోపల మరియమాత రూపమును ఉండును. వెలుపలిది లోకము చూచుటకు. లోపలిది యుద్ధమున వాడు తాను చూచుకొని ధైర్యము తెచ్చుకొనుటకు.

3. ఎన్నుకొను విధము

ఆటయందు పలువురు దేవతలు కలరు. టైటేనియా షేక్స్పియరు నాటకమునుండి వచ్చిన వేసవి కొలువు రాణి. మీలిక్కి ఫిన్లండు దేశపు పురాతన గాథలలోని వనదేవత. గాలి చీకట్లకు రాణియగు మఱియొకతె క్రూరురాలు. బాలురు సాధారణముగా ఎవరి శక్తి యధికమో వారిని కోరుదురు. ఇది తలక్రిందులైన పద్ధతి. ఆ నియమగ్రంథమే పాలడిన్ బలము దేవునివలన ఎంతయో, న్యాయమునకు వాడు చేసికొన్న సంకల్పమువలనను అంతయే యని చెప్పుచున్నది. కావున ముందు ప్రతిజ్ఞను చూడవలెను. దయచేత ఆశను వెలిగించుట, సౌందర్యమును ప్రేమను కాపాడుట, తనలోని సంతోషమును ఆరిపోనీయకుండుట, ఇతరులకు తానే వెలుగగుట అనునవి దాని సారము. ఈ నాలుగింటిని తానును ప్రేమించు వేలుపే తగిన వేలుపు. క్రూరురాలగు రాణి ఎంత బలవంతురాలైనను ఇందు తగదు.

ఉదాహరణకు కొల్లేటి గట్టున పుట్టిన యొక వీరుని ఊహింపుడు. వానికి గంధర్వరాజగు చిత్రరథుడు వేలుపు. అధికారము ఆయన నేర్పిన పాటవలన వచ్చినది. సరస్సునందలి పక్షులు వానికి కావలి. ప్రతి సాయంకాలమును దుఃఖించు వానినొకనిని ఓదార్చుట వాడు లోబడిన ఆజ్ఞ. డాలుమీద గూడబాతు గుర్తు. ఇప్పుడు రాజు సరస్సును పూడ్చుమనెననుకొనుడు. వీరుడేమి చేయును? వేలుపు ఏమియు కోరనిచో కథ యిచ్చటనే చచ్చును. కోరినచో ఇచ్చటనే పుట్టును.

4. తల్లిదండ్రులకొక మాట

1980 ప్రాంతములందు అమెరికాలో కొందఱు క్రైస్తవ తల్లిదండ్రులు ఈ ఆట మంత్రవిద్య నేర్పునని భయపడిరి. పాత్రధారణ ఆరాధన కాదు. హిరణ్యకశిపుని వేషము కట్టిన బాలుడు దైవద్వేషి కాడు. అయినను వారి భయమును నవ్వి త్రోసివేయరాదు. మన బల్లచుట్టు క్రైస్తవులును హిందువులును మహమ్మదీయులును కలిసి కూర్చుందురు. ప్రక్కనున్న స్నేహితుడు ఉదయమున నమస్కరించి వచ్చిన దైవమును సాయంకాలమున పాచికలతో ఆడించుట మర్యాద కాదు. మన ప్రభువు నామమును అట్లు వాడుటయు తగదు. కావ్యములందలి పాత్రలు చాలినన్ని యుండగా, పొరుగువాని హృదయమును నొప్పించు పేరు మనకేల? ఆట ముగిసిన పిమ్మట వేషమును విడువలేనివాడు కొంతకాలము ఆటనే విడుచుట మేలు.

ఒక్క సంగతి మఱవకుడు. కల్పితవీరునికి వేలుపును ఎన్నుకొనుట యొక గంట పని. ఆ నాలుగు ప్రశ్నలకు మన జీవితముచేత ఉత్తరము చెప్పుట ఆయుష్కాలపు పని.

అభ్యాసము

1. చాళుక్య ప్రశస్తియందలి నాలుగు ప్రశ్నలకు గవెయిన్ ఏమని ఉత్తరము చెప్పునో వ్రాయుడు.
2. కొల్లేటి వీరుడు రాజాజ్ఞను ధిక్కరింపకయే సరస్సును కాపాడు ఉపాయమొకటి కల్పింపుడు.