బిగిసిన తాళపుహబ్బును విప్పు విధము

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి దారులలో నాలుగు చక్రములకును బలము చేరు జీపు మిగుల ఉపయోగకరము. ముందుచక్రమును ఇరుసుతో కలుపుటకును విడదీయుటకును చక్రమధ్యమున తాళపుహబ్బు ఉండును. 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ జీపులకై ఇట్టి హబ్బులను నిర్మించెను. వానకాలపు బురదనీరు లోన చొచ్చినచో అది తుప్పుపట్టి, కందెన లేని బండియిరుసువలె బిగిసిపోవును.

ముందుగా వెనుకచక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. పిదప హబ్బు పైమూత విప్పి, ఇరుసుకొనను పట్టియుండు ఉక్కువలయమును తీయవలెను. పెక్కు హబ్బులయందు ఈ వలయముండగా ఎంత లాగినను ఫలము లేదు. పలువురు తమ బలమంతయు ఇచ్చటనే వ్యర్థపరతురు. తరువాత బోల్టులు విప్పి, అతుకునందు కిరసనాయిలు పోసి, ఒక రాత్రి నాననిచ్చి, ఇత్తడి సుత్తితో చుట్టును మెల్లగా తట్టవలెను. అతుకులో ఉలి దిగగొట్టుటకు మాత్రము మేమొప్పము. ఆ నునుపుతలము గంటుపడినచో నీరును దుమ్మును బేరింగులను చేరును. హబ్బు ఊడిన పిమ్మట తుప్పు గీకి, పాత గ్రీసు తుడిచి, క్రొత్తది పూయవలెను.